ఖద్దామాల జట్టు

బడిపిల్లల ఆటల పోటీని తలచుకుని ఎవరైనా ఉమ్మేస్తారా? నేను ఉమ్మేస్తాను. కువైట్‌లో పదమూడేళ్ళు ఇంటిపని చేశాను. ఎంగిళ్ళు తీశాను, పిల్లల కక్కులు ఎత్తాను, మంచం పట్టిన ముసలావిడ పక్కబట్టలు ఉతికాను. వాటికి నాకెప్పుడూ అసహ్యం వెయ్యలేదు, అది పని. అసహ్యం వేసింది ఒక బాస్కెట్‌బాల్ పోటీకి, ఆ పోటీ గురించి తరువాత నేను చెప్పిన ఒక మాటకి. పోటీ సంగతి చాలామందికి చెప్పాను. నేను చెప్పిన మాట సంగతి మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నేను పనిచేసిన ఇల్లు మిష్రిఫ్‌లో. నేను వెళ్ళేటప్పటికి ఆ ఇంటి పిల్లకు మూడేళ్ళు. యజమానురాలిని పిల్లా మామా అనేది, అరబ్బీలో అమ్మ అని, నేనూ మామా అనేదాన్ని. కానీ జ్వరమొస్తే ఆ పిల్ల వెతుక్కునేది నన్నే. నా గదిలో, నా పక్కన, నా చెయ్యి మెడ కింద పెట్టుకుని పడుకునేది. బరువేదైనా ఎత్తేముందు "యేసయ్యా" అనడం నాకు అలవాటు, మా అమ్మ నుంచి వచ్చింది. పిల్ల కూడా పుస్తకాల సంచి భుజానికెత్తుకుంటూ "యేసయ్యా" అనేది. మామా కసురుకునేది. మేమిద్దరం వంటింట్లోకి పోయి నవ్వుకునేవాళ్ళం. ఆ పిల్లకు పద్నాలుగేళ్ళు వచ్చిన ఏడాది జరిగింది ఇదంతా. ఇరాక్‌లో యుద్ధం అయిన మరుసటి చలికాలం.

పిల్ల చదివేది జాబ్రియాలో ఒక ఇంగ్లీషు బడిలో. అక్కడ ఆడపిల్లలకు నాలుగు బాస్కెట్‌బాల్ జట్లు. ప్రతి జట్టూ ఏటా ఒక పేరు పెట్టుకుంటుంది, ఆ పేరుకు తగిన వేషం ఒకటి తయారుచేస్తుంది. డేగల జట్టుకు ముక్కూ రెక్కలూ తగిలించుకున్న పిల్ల, చిరుతల జట్టుకు చుక్కల బట్టలు వేసుకున్న పిల్ల. ఆటకు ముందూ ఆట మధ్యలోనూ వాళ్ళు లోపలికి దూకి జనాన్ని నవ్విస్తారు. దాన్ని మాస్కాట్ అంటారని పిల్లే నాకు వివరంగా చెప్పింది. తన జట్టు ఆ ఏడాది ఏ పేరు పెట్టుకుందో మాత్రం చెప్పలేదు. అడిగితే నోరు మూసుకుని కిసకిసా నవ్వింది.

చలి మొదలైన రోజుల్లో మామా నీలం గళ్ళ గుడ్డ తెచ్చి కుట్టుమిషను మీద పెట్టింది. నేను వేసుకునే యూనిఫాం గుడ్డే. "ఇంకొకటి కుట్టు. పెద్దది కావాలి, నీకు రెండింతలు" అని చేతులు చాచి చూపించింది. ఎవరికి అని నేను అడగలేదు. అడిగే అలవాటు ఉంటే ఆ ఇంట్లో అన్నేళ్ళు ఉండేదాన్నా? పైగా అడగక్కర్లేదనిపించింది. మామా వాళ్ళమ్మ మంచం పట్టి మా ఇంటికే వచ్చేసింది, నా ఒక్కదాని చేతుల మీద పని సాగడం లేదు, మామా రెండు వారాలుగా పనిమనుషుల్ని తెప్పించే ఆఫీసుకు ఫోన్లు చేస్తోంది. "హిందీయా, హిందీయా" అనడం నా చెవులారా విన్నాను. మన దేశం నుంచి ఇంకో మనిషి వస్తోందన్నమాట. కాస్త లావు మనిషి. మన వైపు మనిషి కూడా అయితే, పదకొండేళ్ళ తరువాత ఇంట్లో తెలుగు మాట్లాడుకోవచ్చు. ఆ ఆశతో ఎంత శ్రద్ధగా కుట్టానో చెప్పలేను. చంకల దగ్గర గుడ్డ ఎక్కువ వదిలాను. అంచులు రెండు మడతలు వేశాను.

ఇక్కడ మా ఆడవాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. మా యూనిఫాంలకు ఎడమ నడుము దగ్గర, లోపలి వైపు, బయటికి కనిపించని జేబు ఒకటి కుట్టుకుంటాం. ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండడానికిచ్చే అనుమతి, దాని జిరాక్సు కాగితం, ఊళ్ళో వాళ్ళ ఫోను నంబర్లు అందులో ఉంటాయి. ఒక మనిషి ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు, తన తరువాత వచ్చే మనిషికి ఆ జేబులో ఒక చీటీ పెట్టి వెళుతుంది. నేను వచ్చిన మొదటి రోజు నాకు ఇచ్చిన పాత యూనిఫాంలో అలాంటి చీటీ దొరికింది. ఎవరో కడప మనిషి రాసింది. ఇంటి యజమానిని బాబా అంటాం. ఆ బాబా తమ్ముడు ఇంటికి వచ్చినప్పుడు మేడమీది గదికి ఒంటరిగా పోవద్దని ఉంది అందులో. ఆ మనిషి ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఆ ఒక్క ముక్క నన్ను కాపాడింది.

అందుకని నేనూ రాశాను. "అమ్మాయీ, భయపడకు. ముసలావిడ అరిచినా మనసు మంచిది. ఉప్పు తక్కువ వెయ్యి. గదికి లోపల గడియ ఉంది, వేసుకుని పడుకో. దిగులేస్తే వంటింటి వెనక గోడ దగ్గరికి రా, పక్కింటిలో మన తెలుగు మనిషే ఉంది. నేనున్నాను." చెమటకు సిరా చెదిరిపోకుండా చీటీని ప్లాస్టిక్ కాగితంలో పెట్టి, ఎర్ర దారంతో గట్టిగా చుట్టి, ముడివేసి, జేబులో పెట్టి నోరు కుట్టేశాను. తొడుక్కోగానే చేతికి గట్టిగా తగులుతుంది. మా వాళ్ళెవరైనా అదేమిటో వెంటనే తెలుసుకుంటారు.

పోటీ రోజు నన్ను కూడా తీసుకెళ్ళారు, తిండిపెట్టె మోయడానికి. పెద్ద హాలు. ముందు వరసల్లో తల్లులు, వెనక గోడవారగా డ్రైవర్లు, మాలాంటి వాళ్ళు. డేగ వచ్చి రెక్కలు ఆడించి పోయింది. తరువాత మైకులో "ఖద్దామాలు!" అని అరిచారు. ఖద్దామా అంటే పనిమనిషి. అక్కడ మమ్మల్ని పిలిచే మాట అదే, మా వీసా మీద ఉండేదీ అదే. నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. మమ్మల్నెవరినో పిలుస్తున్నారేమో అనుకుని తిండిపెట్టె పట్టుకుని ఒక అడుగు ముందుకు కూడా వేశాను.

అప్పుడు లోపలికి వచ్చింది నేను కుట్టిన యూనిఫాం.

రొమ్ముల దగ్గరా పిరుదుల దగ్గరా దిండ్లు కుక్కారు. ముఖానికీ చేతులకూ గోధుమరంగు పూత, నా రంగు కంటే ముదురు. పెదాలు లావుగా దిద్దారు. తలకు గుడ్డ, చేతిలో తుడుపుకర్ర. "యల్లా ఖద్దామా!" అని, కానియ్ ఖద్దామా అని, పిల్లలంతా అరుస్తుంటే అది నేలంతా తుడుస్తూ పరుగెత్తింది, జారి పడింది, లేచి చేతులు జోడించింది. ఎవరో ముక్కు మూసుకుని కంపు అన్నట్టు చెయ్యి ఆడించారు, హాలంతా ముక్కులు మూసుకున్నారు. అంతవరకు నేను రాయిలా చూస్తూ నిలబడ్డాను. తరువాత ఆ వేషం నడిచింది. ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడిచింది. తడి మెట్ల మీద పడినప్పటి నుంచి నేను నడిచే నడక అది. గుడ్డ అంచు చెవి వెనక దోపుకుంది, నాలాగే. నీళ్ళ బకెట్టు ఎత్తబోతూ హాలు మారుమోగేలా "యేసయ్యా!" అంది.

అది నా పిల్ల. నా చెయ్యి మీద పడుకుని పెరిగిన పిల్ల.

నోట్లో పుల్లటి నీళ్ళు ఊరాయి. దేవుడి పేరుకు నవ్వారు, నా కుంటికాలికి నవ్వారు, నా ఒంటి వాసనకు నవ్వారు. నా పక్కన నిలబడ్డ డ్రైవరూ నవ్వాడు, నాలాంటి ఇంకో ఆడమనిషీ నవ్వింది. ముందు వరసలోంచి మామా వెనక్కి తిరిగి, ఎలా ఉంది అన్నట్టు నన్ను చూసి కళ్ళెగరేసింది. నేను ఏం చేశానంటారు? పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాను. ఆట అయ్యాక పిల్ల పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. "నీలా చేశానా? అచ్చం నీలాగే చేశానా?" అని అరబ్బీలో అడిగింది. బాగా చేశావన్నాను. ఆ రంగు నా బుగ్గకూ మెడకూ అంటుకుంది. ఇంటికెళ్ళి సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను.

ఆ పిల్ల మనసులో చెడ్డ ఉద్దేశం లేదని నాకు తెలుసు. ముద్దుకే చేసింది. నాకు ఇంకా అసహ్యం వేసింది అందుకే. చెడ్డ ఉద్దేశంతో చేసి ఉంటే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేదాన్ని.

ఆ సాయంత్రమే పిల్లకు జ్వరం వచ్చింది. దిండ్లు కుక్కుకుని గంతులు వేసి, చెమట ఒంటితో చలిగాలిలోకి వచ్చింది మరి. నేనే తడిగుడ్డ వేశాను.

రెండు రోజుల తరువాత బడి నుంచి కబురు. ఆ బడిలో కంప్యూటర్లు నేర్పే టీచరు ఒకామె, మన తెలుగావిడే, ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు రాసింది. ఆ పేరూ ఆ వేషమూ తీసేయాలని, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళను ఇలా ఆటపట్టించడం సిగ్గుచేటని. ఇక ఇంట్లో ఫోను ఆగలేదు. పిల్లల తల్లులందరూ ఒకటే మాట, పిల్లల సరదాకి ఇంత రాద్ధాంతమా, ఎక్కడి నుంచో జీతానికి వచ్చినవాళ్ళు మనకు మర్యాద నేర్పుతారా అని. మంచంలో ఉన్న ముసలావిడ ఒక్కతే కోప్పడింది. "ఐబ్! సిగ్గులేదా మీకు? ఆమె ఒళ్ళు కూడా అల్లా చేసిందే" అని కూతురి మీద అరిచింది. మామా తలుపు మూసేసి మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చింది.

ఆ రోజే మామా ఆ యూనిఫాంను ఉతకడానికి ఇవ్వబోతూ దులిపింది. చేతికి గట్టిగా ఏదో తగిలింది. కుట్లు విప్పింది. ప్లాస్టిక్ కాగితం, ఎర్ర దారం, ముడులు, లోపల ఏ భాషో తెలియని రాత. అవతలి గదిలో పిల్లకు మూడో రోజు జ్వరం. మామా కెవ్వున కేకపెట్టి ఆ పొట్లం నేలకేసి కొట్టింది. "సెహర్! నా బిడ్డకు సెహర్ చేసింది!" సెహర్ అంటే చేతబడి. ఆ దేశంలో ఆ మాట అనిపించుకున్న పనిమనిషి ఎటు పోతుందో మాకు బాగా తెలుసు. మొదట పోలీసు స్టేషన్, తరువాత జైలు, అదృష్టముంటే విమానం.

నేను మోకాళ్ళ మీద పడి చెప్పాను. కొత్తగా వచ్చే మనిషికి రాశానని, ధైర్యం చెప్పానని. "ఏ కొత్త మనిషి? ఎవరూ రావడం లేదు. ఆ ఆఫీసుకు వద్దని చెప్పేశాను" అంది మామా. నేను చెప్పేదంతా ఆమెకు ఇంకో అబద్ధంలా వినిపించింది. నన్ను గదిలో పెట్టి బయట గడియ వేశారు. బాబా స్టేషనుకు తీసుకెళదామన్నాడట. మామానే రేపు చూద్దామని ఆపిందట.

మధ్యాహ్నం ముసలావిడకు గుడ్డలు మార్చాలి కాబట్టి గడియ తీశారు. నేను లేకుండా ఆ పని చేసేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరున్నారు? ఆ గుడ్డలు ఆరేసే వంకతో వెనక గోడ దగ్గరికి పోయి పక్కింట్లో పనిచేసే తెలుగు ఆవిడతో అంతా చెప్పాను. ఈమెదీ కడప వైపే. ఆమె నా కంటే చిన్నది, నన్ను అక్కా అనేది.

"అక్కా, ఆ చీటీ టీచరమ్మతో సదివించొచ్చు కదా? ఆయమ్మ తెలుగే కదా" అంది.

"ఎలా చదివిస్తానే? ఫిర్యాదు రాసింది ఆవిడేగా. ఇద్దరూ తెలుగోళ్ళు కలిసి ఆడుతున్నారంటారు. నాతోపాటు ఆవిడ ఉద్యోగమూ పోద్ది" అన్నాను.

"అట్లయితే వాళ్ళేం సెప్పమంటే అదే సెప్పక్కా. మానం మర్యాదా ఊరికి పొయ్యినాక సూసుకుందాం. జైల్లో పడితే నీకు నేను అన్నం గూడా తేలేను" అంది.

మర్నాడు మామా నన్ను కారు ఎక్కించుకుంది. తెలుగు టీచరు పట్టు వదలడం లేదట, ప్రిన్సిపాల్‌కు ఏమి చెయ్యాలో తోచడం లేదట. "మా ఖద్దామానే అడగండి, వేషం ఆమెదే కదా" అని మామా మాట ఇచ్చేసిందట. దారిలో చేతిసంచి తెరిచి ఆ పొట్లం చూపించింది. "నీకు బాధ లేదని చెప్పు. ఇది నా దగ్గరే ఉంటుంది, ఎక్కడికీ పోదు" అంది. గట్టిగా కూడా అనలేదు. కూరకు ఏమి తెమ్మంటావు అని అడిగినంత మామూలుగా అంది.

ప్రిన్సిపాల్ పొడుగాటి ఇంగ్లీషు ఆవిడ. నాకు కుర్చీ చూపించింది, నేను కూర్చోలేదు. తెలుగు టీచరు గోడవైపు కుర్చీలో ఉంది, ఇస్త్రీ చీర, చేతిలో ఫైలు. మామా చేతిసంచిని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. గుమాస్తా ఒకాయన ఇంగ్లీషు ప్రశ్నను అరబ్బీలో అడిగాడు. ఆ వేషం చూసి నీకు అవమానం అనిపించిందా?

"లా. మాఫీ ముష్కిల్" అన్నాను. లేదు, ఏ ఇబ్బందీ లేదు అని.

నిజంగానా, భయపడకుండా చెప్పు అని మళ్ళీ అడిగించింది ప్రిన్సిపాల్. ఇక్కడే నేను ఆగి ఉండవలసింది. అవును అంటే సరిపోయేది. నన్ను ఇంకేమీ చెప్పమని ఎవరూ అడగలేదు. కానీ నా నోరు ఆగలేదు. ఆ బట్టలు నేనే కుట్టానన్నాను. పిల్ల నా బిడ్డలాంటిదన్నాను. ఆ రోజు అందరికంటే ఎక్కువ నవ్వింది నేనేనన్నాను. మామా ముఖం వెలిగిపోయింది. గుమాస్తా అదంతా ఇంగ్లీషులో చెప్తుంటే తెలుగు టీచరు ఫైలు మూసి ఒళ్ళో పెట్టుకుంది.

మామాకు లోపల కాఫీ ఇచ్చారు. నన్ను బయట వరండాలో నిలబడమన్నారు. రెండు నిమిషాలకు టీచరు వచ్చింది. వరండాలో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు, తలుపు మూసి ఉంది. ఆమె నా దగ్గరికి వచ్చి మెల్లగా తెలుగులో అడిగింది.

"ఏమ్మా, ఏ ఊరు మీది?"

"గోదావరి వైపండి."

"చూడమ్మా, ఇక్కడ ఎవరూ వినరు. నాతో చెప్పు. వాళ్ళు భయపెట్టారా? నీకు నిజంగా ఏమీ అనిపించలేదా? పాపం, నిన్ను చూస్తే ఆ రోజు నాకు కడుపు తరుక్కుపోయిందమ్మా."

పాపం అన్న ఆ ఒక్క మాటకు నా ఒళ్ళు మండింది. ఆ రోజు హాల్లో ఆమె నన్ను చూసిందన్నమాట. పళ్ళు బయటపెట్టి నవ్వుతున్న నన్ను చూసిందన్నమాట. అన్ని వందల మంది ముందు తట్టుకున్నదాన్ని, నా భాష మాట్లాడే ఒక్క మనిషి జాలి ముందు నిలబడలేకపోయాను.

"అయ్యో, ఏం లేదండి. చిన్నపిల్లలండి, సరదాకి ఆడుకున్నారండి. మాకు అలాంటివేం ఉండవండి. మీరే అనవసరంగా పెద్దది చేశారండి" అన్నాను. నవ్వు ముఖంతో కూడా అన్నాను.

ఆమె నా ముఖంలోకి ఒక క్షణం చూసింది. "సరేమ్మా. నేనే ఏదేదో ఊహించుకున్నాను" అంది. చీర కుచ్చిళ్ళు సవరించుకుని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక మామా ఆ చీటీని గ్యాసు పొయ్యి మీద కాల్చి "ఖలాస్" అంది. పిల్లకు జ్వరం తగ్గింది. టీచరు ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. ఇంటిపనివాళ్ళకే అభ్యంతరం లేనప్పుడు తాను తొందరపడ్డానని రాసి ఇచ్చిందట. నేను అక్కడున్న మిగతా రెండేళ్ళూ ఆ జట్టు పేరు మార్చలేదు. ఎవరైనా ఇదేమి పేరు అంటే, ఒక అసలు ఖద్దామానే వచ్చి ఒప్పుకుని పోయిందని బడిలో చెప్పేవాళ్ళట. పిల్ల ఎంతో గర్వంగా చెప్పింది నాతో.

అరబ్బీలో ఆడిన అబద్ధానికి నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను. జైలంటే భయపడని మనిషి ఎవరు? తెలుగులో ఆడినదానికి ఏ భయమూ లేదు, ఎవరూ వినడం లేదు, ఎవరూ చెప్పమనలేదు. అవమానం అంటే ఏమిటో మాలాంటి వాళ్ళకు తెలియదని ఆ రోజు ఒక తెలుగు మనిషి నమ్మి వెళ్ళింది. ఆమెను నమ్మించింది నేనే.